గట్టెక్కించే ఇంజన్లు: కర్జత్‌లో ఏం చూడాలి, ఎలా చూడాలి

మా అమ్మాయి కాపురం కళ్యాణ్‌లో. ఏడాదికి రెండు మూడు సార్లు మనవరాలిని చూసి, తిరుగు ప్రయాణంలో రాత్రిపూట హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి తాండూరుకు వచ్చేవాళ్లం. ఎక్కిన గంటకల్లా బండి ఒక స్టేషన్లో ఆగేది. నాలుగైదు నిమిషాలకు వెనక నుంచి ఒక మెత్తటి దెబ్బ. బెర్తు కదిలేది, కాళ్ల దగ్గరి చెంబు దొర్లేది. మొదటిసారి మా ఆవిడ లేచి కూర్చుని, "ఏమండీ, ఎవరో వెనక నుంచి గుద్దారు" అంది. "షంటింగ్ సరిగ్గా చేయడం రాదు వీళ్లకు, పడుకో" అన్నాను. ముప్పై ఏళ్లు పిల్లలకు ఫిజిక్స్ చెప్పిన మనిషిని! ఆ స్టేషన్ కర్జత్ అనీ, ఆ దెబ్బ లేకపోతే బండి కొండ ఎక్కదనీ తెలుసుకోవడానికి నాకు ఏడేళ్లు పట్టింది.

మీకు అంతకాలం పట్టకూడదని ఇది రాస్తున్నాను. ముంబై నుంచి పూణె మీదుగా మన వైపు వచ్చే బండి ఏదైనా సరే, ఈ తతంగం చూడొచ్చు. టికెట్టుకు మించి ఖర్చేమీ లేదు.

బ్యాంకర్ అంటే

మొదట పేరు సంగతి. బ్యాంకర్ అనగానే మనకు అప్పులిచ్చేవాడు గుర్తొస్తాడు. ఇంగ్లిష్ వాళ్ల రైల్వే భాషలో బ్యాంక్ అంటే ఎత్తు, గట్టు. బండిని వెనక నుంచి తోసి ఆ ఎత్తు ఎక్కించేది బ్యాంకర్. మన మాటలో గట్టెక్కించే ఇంజను. ఇంతకన్నా మంచి అనువాదం ఎవరైనా చెబితే వింటాను.

కర్జత్ ముంబై సీఎస్ఎంటీ (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్) నుంచి వంద కిలోమీటర్లు. అక్కడిదాకా దారి దాదాపు చదునే. అక్కడి నుంచి లోనావాలా మరో 28 కిలోమీటర్లు. ఈ 28లోనే సహ్యాద్రి మొత్తం ఎక్కాలి. ఇదే భోర్ ఘాట్. ఇందులో బాగా నిటారుగా ఉన్నచోట 37కు ఒకటి, అంటే ముప్పై ఏడు అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి.

చెప్పుకోవడానికి ఇది పెద్దగా అనిపించదు. మా బడి మెట్ల పక్కన వేసిన ర్యాంపు ఇంతకన్నా ఏటవాలు. కానీ ర్యాంపు మీద పోయేది రబ్బరు చక్రం. ఇక్కడ ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం. ఆ రెండింటి మధ్య పట్టు ఎంత తక్కువో అదే రైలుకు వరం, చదును మీద సులువుగా దొర్లుతుంది. ఎత్తు రాగానే అదే శాపం.

లెక్క ఒకటి వేద్దాం, కాగితం కూడా అక్కర్లేదు. 22 బోగీల బండి జనంతో కలిపి సుమారు 1,100 టన్నులు అనుకోండి. 37తో భాగిస్తే దాదాపు 30 టన్నులు. భూమి ఈ బండిని వెనక్కి లాగే బలం అది. ముందున్న వాప్-7 ఇంజను సొంత బరువు 123 టన్నులు, దాని వాటా మరో మూడున్నర. అంటే బండిని కొండ మీద జారకుండా నిలబెట్టడానికే 33 టన్నుల బలం కావాలి. చక్రాల రాపిడి, వంపుల్లో పట్టాల ఒరిపిడి కలిపితే నలభైకి దగ్గర పడుతుంది. మరి వాప్-7 బయలుదేరేటప్పుడు గరిష్ఠంగా లాగగలిగేది ఎంత? సుమారు 33 టన్నులు. ఆరు వేల హార్స్‌పవర్ దాటిన ఇంజను, గంటకు 140 కిలోమీటర్ల వేగానికి తయారు చేసినది, ఇక్కడ ఒంటరిగా ఉంటే నిలబడ్డ చోటే చెమటలు కక్కాలి. వానాకాలం పట్టాలు తడిస్తే ఆ 33 కూడా దక్కదు.

అందుకే వెనక్కి బ్యాంకర్లు వస్తాయి. నేను చూసినప్పుడల్లా వ్యాగ్-7 జాతివే వచ్చాయి, ఒకటికి ఒకటి తగిలించి రెండు, ఒక్కోసారి మూడు. ఇవి గూడ్స్ ఇంజన్లు. వేగం తక్కువ, బలం ఎక్కువ. ఒక్కొక్కటి 40 టన్నులకు పైగా తోయగలదు. పరుగు పందెం గుర్రాన్ని బండికి కట్టి, వెనక రెండు దున్నపోతుల్ని తోడు పెట్టినట్టు.

వెనకే ఎందుకు, ముందే పెట్టొచ్చు కదా అని మా మనవరాలు అడిగింది. మంచి ప్రశ్న. అన్ని ఇంజన్లూ ముందే ఉంటే బండి బరువంతా మొదటి బోగీ కొక్కెం మీద వేలాడుతుంది. అది తెగి, బ్రేకులు కూడా పట్టకపోతే మిగతా బండి వెనక్కి జారుతుంది, కింద ఆపేవాడు లేడు. వెనక ఇంజను ఉంటే కొక్కేల మీద భారం సగానికి తగ్గుతుంది, తెగినా పట్టుకునేవాడు ఉంటాడు. ఇంకో సంగతి, ఘాట్ నిండా వంపులే. తాడును వంపుగా పరిచి ఒక కొస పట్టుకుని గట్టిగా లాగండి, అది వంపు లోపలి వైపుకు వస్తుంది. బోగీలకూ అదే బుద్ధి. అలాగని వెనక నుంచి మరీ గట్టిగా తోసినా నడుమ బోగీలు నలుగుతాయి. ముందున్న లోకో పైలట్, వెనకున్న లోకో పైలట్ ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా, అర కిలోమీటరు దూరంలో ఉండి, ఒకే మనిషి రెండు చేతుల్లా పని చేయాలి. నాకు ఈ మొత్తం వ్యవహారంలో ఆశ్చర్యం వేసేది హార్స్‌పవర్ కాదు, ఇదే.

ఏ బండి, ఏ వేళ

ముంబై వెళ్లేటప్పుడు మనం ఘాట్ దిగుతాం, వచ్చేటప్పుడు ఎక్కుతాం. కాబట్టి బ్యాంకర్లను చూడాలంటే తిరుగు ప్రయాణంలోనే. హుస్సేన్‌సాగర్‌లో వస్తే రాత్రి, దెబ్బ తగులుతుంది కానీ ఏమీ కనబడదు. ముంబై నుంచి మధ్యాహ్నం బయలుదేరే కోణార్క్ అయితే వెలుతురు ఉండగానే కర్జత్ చేరుతుంది. రాయలసీమ వాళ్లకు ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఇంకా బాగు, అది పొద్దున్న బండి. వేళలు మారుతుంటాయి, బయలుదేరే ముందు చూసుకోండి. దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఇవన్నీ వెతకొద్దు. అది మన్మాడ్ మీదుగా పోయే బండి, దాని దారిలో వచ్చేది థాల్ ఘాట్. అక్కడ కసారా దగ్గర బ్యాంకర్లు కడతారు, ఇగత్‌పురిలో విప్పుతారు. ఆ ఎత్తు కూడా 37కు ఒకటే, కథ వేరు.

దూరప్రయాణం బండి ఎక్కే పని లేకుండా చూడాలనుకుంటే సీఎస్ఎంటీ నుంచి కర్జత్‌కు లోకల్ ఉంది, సుమారు రెండు గంటలు. సాయంత్రం డెక్కన్ క్వీన్ వచ్చే వేళకు అక్కడ ఉంటే చాలు. 1930 జూన్ 1న మొదలైన బండి అది, ఇప్పటికీ కర్జత్‌లో ఆగి తోపు తీసుకునే పైకి పోతుంది.

ప్లాట్‌ఫామ్ మీద ఎక్కడ నిలబడాలి

ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. సంగతి తెలిశాక మొదటిసారి పగటి బండిలో వచ్చినప్పుడు, కర్జత్‌లో ఆగీ ఆగగానే దిగి ముందుకు పరుగెత్తాను. ఇంజను అంటే ముందే కదా ఉండేది! ఇరవై బోగీల పొడవునా ఆయాసపడుతూ పోయి చూస్తే అక్కడ మామూలు ఇంజను, కిటికీలోంచి బయటికి చూస్తున్న లోకో పైలట్, అంతే. ఇంతలో వెనక దెబ్బ తగిలింది. చూడాల్సింది ముంబై వైపు కొసన, నేనున్నది పూణె వైపు కొసన. సిగ్నల్ పడిపోయింది, చేతికి దొరికిన బోగీ ఎక్కి, లోపల్లోపలే నడుచుకుంటూ మా సీటుకు వచ్చేసరికి మా ఆవిడ ముఖంలో కోపం, భయం కలిసి ఉన్నాయి. "తెల్లజుట్టు వచ్చింది, ఇంజన్ల వెంట పరుగులేమిటి" అని ఆ మాట పూణె దాకా సాగింది.

కాబట్టి రెండు సంగతులు. టికెట్లు తీసుకునేటప్పుడే వీలైతే వెనక బోగీల్లో సీటు చూసుకోండి. బండిని బట్టి ఏ బోగీ ఎటు వస్తుందో మారుతుంది, కోచ్ పొజిషన్ ముందే చూడండి. రెండోది, కర్జత్‌లో బండి ఆగాక వెనక్కి చూడండి. చిట్టచివరి బోగీ వెనక పెద్ద ఎక్స్ గుర్తు కనబడుతుంది. దాని అవతల పట్టాల మీద బ్యాంకర్ల జంట నడిచి వస్తుంది. నిజంగానే నడక, అంత నెమ్మది. బోగీకి కాస్త దూరంలో ఆగుతాయి. కింద నిలబడ్డ మనిషి చేతిలో జెండానో లైటో ఊపుతాడు, ఇంకొంచెం, ఇంకొంచెం. కొక్కెం కొక్కెం కలిసినప్పుడు వచ్చే చప్పుడు, పాత ఇనప్పెట్టె మూత పడినట్టు ఉంటుంది. ఎక్స్ గుర్తును ఇంజను ముఖం కప్పేస్తుంది.

ఆ తర్వాత చెవి పెట్టండి. రూలు ప్రకారం బయలుదేరే ముందు ముందరి ఇంజను ఒక పొట్టి కూత వేస్తుంది, నేను సిద్ధం అని. వెనక బ్యాంకరు ఒక పొట్టి కూతతో జవాబిస్తుంది, నేనూ సిద్ధమే అని. ఇప్పుడు వాకీటాకీలు ఉన్నాయి, మాటల్లోనే అన్నీ అయిపోతాయి. అయినా ఆ రెండు కూతలు వినబడిన రోజు నాకు టికెట్టు డబ్బులు గిట్టుబాటు అయినట్టే.

ఈ నాలుగైదు నిమిషాల్లోనే వడాపావ్ వాళ్లు బోగీల వెంట తిరుగుతారు. కర్జత్ వడాపావ్‌కు పేరు రావడానికి సగం కారణం ఈ బ్యాంకర్లే. పైకి పోయే బండ్లు దాదాపు అన్నీ ఇక్కడ ఆగి తీరాలి కదా! చిల్లర చేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరే కొనుక్కోండి. దిగి కొనాలని పోతే బ్యాంకర్లూ చూడలేరు, వడా కూడా చల్లారుతుంది.

పట్టాల మీదికి దిగి ఫోటోలు తీయాలన్న ఆశ ఉంటే ఇక్కడే వదిలేయండి. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం, ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఘాట్‌లో తలుపు దగ్గర నిలబడటం అంతకన్నా పెద్ద తప్పు. సొరంగం గోడ చేయి చాపినంత దూరంలో ఉంటుంది.

ఎక్కుతున్నప్పుడు చేయదగ్గ చిన్న ప్రయోగాలు

ఇక్కడ నాలోని మాస్టారు బయటికి వస్తాడు, క్షమించండి.

నీళ్ల సీసా ఒకటి సగం తాగి, మూత గట్టిగా బిగించి, బండి పోయే దిశలో పొడవుగా టేబుల్ మీద పడుకోబెట్టండి. దొర్లకుండా రెండు వైపులా ఏదైనా అడ్డం పెట్టండి. కర్జత్ ప్లాట్‌ఫామ్ మీద నీటి మట్టం సమంగా ఉంటుంది. తర్వాతి స్టేషన్ పలస్‌దరి దాటి బండి ఒకే వేగం అందుకున్నాక చూడండి, వెనక కొసన నీళ్లు ఎక్కువగా, ముందు కొసన తక్కువగా. పాతిక సెంటీమీటర్ల సీసా అయితే తేడా ఆరేడు మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి కొలిస్తే గ్రేడియంట్, అంటే దారి ఏటవాలు లెక్క, మీ చేతికే వస్తుంది, ఎవరి పుస్తకమూ అక్కర్లేదు. బండి వేగం పెరుగుతున్నప్పుడో తగ్గుతున్నప్పుడో కొలిస్తే మాత్రం లెక్క తప్పుతుంది. ఎందుకో మీ ఇంట్లో పదో తరగతి పిల్లల్ని అడగండి.

అదే లెక్కను బండి మొత్తానికి వేయండి. ఒక్క బోగీ పొడవు సుమారు 24 మీటర్లు. అంటే మీ బోగీ ముందు తలుపు వెనక తలుపు కన్నా రెండడుగులు ఎత్తులో ఉంది. 22 బోగీలకు 528 మీటర్లు. ముందరి ఇంజను మీకన్నా 14 మీటర్ల పైన ఉంది, నాలుగంతస్తుల మేడ మీద ఉన్నట్టు. వెనక బోగీలో కూర్చుని వంపు తిరిగేటప్పుడు కిటికీలోంచి చూస్తే ముందు బోగీలు కొండ మీద మెట్లలా కనబడేది అందుకే.

పట్టాల పక్కన గ్రేడియంట్ పోస్టులు ఉంటాయి. చిన్న స్తంభం, దానికి ఏటవాలుగా ఒక చేయి, దాని మీద అంకె. చేయి పైకి ఉంటే ఎక్కుడు, కిందికి ఉంటే దిగుడు. ఎల్ అని ఉంటే అక్కడ చదును. మొదటిసారి 37 అంకె దొరకబట్టినప్పుడు మా మనవరాలు బోగీ అంతా వినబడేలా "తాతయ్యా, దొరికింది!" అని అరిచింది. పక్క సీటు పెద్దాయన పర్సు పోయిందేమో అనుకుని జేబు తడుముకున్నాడు.

వేగం కావాలంటే కిలోమీటరు రాళ్లు చూడండి. ఒక రాయి నుంచి ఇంకో రాయికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్లో చూసి, 3600ను దానితో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. కర్జత్‌కు ముందు ఒకసారి, ఘాట్‌లో ఒకసారి కొలిస్తే బండికి ఏ పాటి కష్టమో అంకెల్లో తెలుస్తుంది.

చెవికి కూడా పని ఉంది. వెనక బోగీలో కూర్చుంటే సొరంగంలోకి పోయినప్పుడు బ్యాంకర్ల మోటార్లను చల్లబరిచే ఫ్యాన్ల హోరు గోడలకు కొట్టుకుని మీ వెన్నులోకి దిగుతుంది. మామూలు ప్రయాణంలో బండి మనల్ని లాగుతున్నట్టు అనిపిస్తుంది. ఇక్కడ వీపు మీద ఎవరో అరచేయి ఆనించినట్టు ఉంటుంది.

కిటికీలో కనబడే చరిత్ర

కర్జత్ దాటగానే వచ్చే పలస్‌దరి దగ్గర ఒక దారి విడిపోయి ఖోపోలి వైపు పోతుంది. చాలామంది దాన్ని ఏదో చిన్న లోకల్ లైను అనుకుంటారు. అసలు పాత దారి అదే. 1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణా దాకా మొదటి బండి నడిపిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే, 1856లో ఖోపోలి దాకా పట్టాలు వేసి కొండ కింద ఆగిపోయింది. పైన 1858లో ఖండాలా నుంచి పూణె దాకా లైను తెరిచారు. మధ్యలో కొండ. అప్పటి ప్రయాణికులు ఖోపోలిలో దిగి, పల్లకీల్లోనో గుర్రాల మీదో ఎద్దుబండ్లలోనో ఘాట్ ఎక్కి, ఖండాలాలో మళ్లీ రైలు పట్టుకునేవారు. ఇప్పుడు మనం వడాపావ్ తింటూ పోయే దూరం.

ఆ మధ్య ముక్క కట్టడానికి ఏడేళ్లు పట్టింది, 1856 నుంచి 1863 దాకా. సర్వే చేసి దారి గీసిన చీఫ్ ఇంజనీరు జేమ్స్ బర్క్‌లీ. పదిహేను మైళ్లు దాటిన ఎక్కుడు, 1,831 అడుగుల ఎత్తు, 25 సొరంగాలు. జోరుగా సాగిన రోజుల్లో నలభై వేలకు పైగా కూలీలు ఒకేసారి ఈ కొండ మీద పని చేశారు. కలరా, జ్వరాలు, మందుగుండు పేలుళ్లు, కొండచరియలు ఎంతమందిని తీసుకుపోయాయో, వాళ్ల పేర్లు ఏ రాతి పలక మీదా లేవు. మొదటి కాంట్రాక్టరు పని సగంలో వదిలేశాడు. 1859లో సాలమన్ ట్రెడ్‌వెల్ అనే ఆయన ఇంగ్లండు నుంచి వచ్చి కాంట్రాక్టు తీసుకుని, వచ్చిన కొద్ది రోజులకే చనిపోయాడు. ఊరుగాని ఊరిలో ఒంటరిగా మిగిలిన ఆయన భార్య ఆలిస్, సామాన్లు సర్దుకుని ఓడెక్కలేదు. కాంట్రాక్టు తన పేరున తీసుకుని, ఇంజనీర్లను పెట్టి పని పూర్తి చేయించింది. మా ఆవిడకు ఈ ఘాట్ మొత్తంలో నచ్చిన సంగతి ఇదొక్కటే. "ఇంజన్ల కన్నా ఆవిడ గురించి రాయండి" అంది. రాశాను.

బర్క్‌లీ తన దారి తెరవడం చూడలేదు, 1862లో పోయాడు. 1863 ఏప్రిల్ 21న బొంబాయి గవర్నరు బార్ట్‌ల్ ఫ్రేర్ దారిని ప్రారంభించాడు. నాలుగేళ్లకే, 1867లో, ఒక పెద్ద వంతెన కూలిపోయింది. కొండ అంత తేలిగ్గా లొంగలేదు.

ఆ రోజుల్లో ఇంకో విడ్డూరం ఉండేది. ఖండాలా దగ్గర కొండ అంచున దారి ముందుకు పోవడానికి చోటు లేక రివర్సింగ్ స్టేషన్ కట్టారు. బండి ఒక కొసలోకి పోయి ఆగేది. ఇంజను విప్పి రెండో కొసకు తగిలించేవారు. అప్పుడు బండి వెనక్కి తిరిగి, వేరే దారిలో పైకి పోయేది. అప్పటిదాకా ముందున్న బోగీ ఇప్పుడు వెనక. 1929లో కొత్త సొరంగాలు తొలిచి దారి సరిచేసే దాకా ఇదే పద్ధతి. 1871లో రాయచూరు దగ్గర మద్రాసు లైను వచ్చి కలిశాక, మన వైపు నుంచి బొంబాయికి రైల్లో పోయినవాళ్లంతా ఈ వెనకా ముందూ ఆట చూసే ఉంటారు.

మాట వచ్చింది కాబట్టి, దారి తప్పి ఒక్క ముక్క. ఆ కొండ మలుపులోనే రోడ్డు మీద ఒక పాత వంతెన ఉండేది, జనం దాన్ని అమృతాంజన్ బ్రిడ్జి అనేవారు. పక్కనే ఉన్న అమృతాంజన్ ప్రకటన బోర్డు వల్ల ఆ పేరు. 1893లో బొంబాయిలో ఆ మందు మొదలుపెట్టింది మన కృష్ణా జిల్లా మనిషి, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. 2020 ఏప్రిల్‌లో ఆ వంతెనను కూల్చేశారు. మరాఠీ కొండల్లో మన తలనొప్పి మందు పేరు అన్నాళ్లు నిలిచిందంటే నాకు ముచ్చటే.

1929-30లో దారి సరిచేయడంతో పాటు కరెంటు కూడా వచ్చింది. ఆవిరి పోయి, స్విట్జర్లాండు, ఇంగ్లండు కర్మాగారాల్లో తయారైన విచిత్రమైన ఇంజన్లు వచ్చాయి, మొత్తం 41. ముందూ వెనకా రెండు పొడుగు ముక్కులు, మధ్యలో గది, చక్రాలను కలుపుతూ ఆడే ఇనుప కడ్డీలు. పరాయి దేశాల్లో ఆ ఆకారాన్ని మొసలి అన్నారు. ఇక్కడి వాళ్లు ఖేకడా అన్నారు, అంటే పీత. దశాబ్దాల పాటు ఈ పీతలే ఘాట్‌లో బండ్లను తోశాయి. ఒకటి ఢిల్లీ నేషనల్ రైల్ మ్యూజియంలో ఉంది, సర్ లెస్లీ విల్సన్ అని దాని పేరు. అటు వెళ్తే తప్పక చూడండి. తర్వాత చిత్తరంజన్‌లో తయారైన మన ఇంజన్లు వచ్చాయి. ఇక్కడి 1,500 వోల్టుల డీసీ కరెంటు పోయి 25 వేల వోల్టుల ఏసీ రావడంతో వాటి పనీ ముగిసింది. ఇప్పుడున్న వ్యాగ్-7లు ఆ తర్వాతివి.

దిగేటప్పుడు ఒక్క సంగతి

ముంబై వెళ్లేటప్పుడు బండి ఘాట్‌లో మధ్యమధ్యన ఊరూ పేరూ లేని చోట్ల ఆగితే విసుక్కోకండి. మంకీ హిల్, ఠాకూర్‌వాడి లాంటి చోట్ల అది బ్రేకుల పరీక్ష. దిగే దారిలో క్యాచ్ సైడింగులు ఉంటాయి, కొండ మీదికి ఎక్కే చిన్న పక్కదారులు. పట్టాలు మామూలుగా ఆ పక్కదారి వైపే తిప్పి ఉంటాయి. బండి అదుపులో ఉందని తేలాకే అసలు దారి ఇస్తారు. అదుపు తప్పి వచ్చిన బండి ఆ ఎక్కుడులోకి పోయి దానంతటదే ఆగుతుంది. అరకు దారిలో ఇనుప ఖనిజం నింపుకుని విశాఖ వైపు దిగే గూడ్సులకు కూడా అసలు టెన్షన్ ఇదే, ఎక్కడం కాదు, దిగడం.

ఎన్నాళ్లు చూడగలం

తొందరపడండి అనే చెబుతాను. 2023 ఫిబ్రవరి నుంచి ముంబై, సోలాపూర్ మధ్య నడుస్తున్న వందే భారత్ ఈ ఘాట్‌ను బ్యాంకరు లేకుండానే ఎక్కేస్తోంది. దాని బలమంతా ఒక ఇంజనులో లేదు, సగం బోగీల కింద మోటార్లున్నాయి. కాబట్టి పట్టు కూడా బండి పొడవునా పంచుకుంటుంది. థాల్ ఘాట్ వైపు 2019 నుంచే సీఎస్ఎంటీ నుంచి పోయే రాజధాని ఎక్స్‌ప్రెస్‌కు ముందొక ఇంజను, వెనకొక ఇంజను ఢిల్లీ దాకా కట్టి పంపుతున్నారు. కసారాలో ఆగే పని లేదు. ఫిజిక్స్ మాస్టారుగా నేను చప్పట్లు కొట్టాల్సిన మార్పు ఇది. కొడతాను కూడా, కానీ కొంచెం మెల్లగా.

లోనావాలా రాగానే అందరూ చిక్కీ కోసం కిటికీల దగ్గర చేరతారు. మీరు చిక్కీ కొనే పని ఇంట్లో వాళ్లకు అప్పగించి వెనక్కి చూడండి. తగిలించినప్పటి చప్పుడు విప్పేటప్పుడు ఉండదు. గాలి బుస్సుమన్న శబ్దం ఒకటి, అంతే. పోయిన సంక్రాంతికి వస్తూ మనవరాలిని కూడా తెచ్చుకున్నాం. లోనావాలాలో మా బండి కదిలింది, బ్యాంకర్లు కదల్లేదు. దూరం పెరుగుతుంటే అది కిటికీలోంచి వాటికి చేయి ఊపుతూ, "తాతయ్యా, అవి మనతో రావా?" అంది. రావు, మళ్లీ కర్జత్ దిగిపోతాయి, కింద ఇంకో బండి వచ్చి ఉంటుంది అన్నాను. మా ఆవిడ చిక్కీ పొట్లం విప్పి ముగ్గురికీ పంచింది.